చక్రానికి చేసే పూజ, చక్రానికి చేయవలసిన పరీక్ష

దసరా నవరాత్రుల చివర వచ్చే ఆయుధపూజ నాడు నందికొట్కూరు చుట్టుపక్కల ఊళ్ళలో నాగలి, గొర్రు, కొడవలి నిలిచే వరుసలోనే ట్రాక్టరు, జీపు, బొలెరో, మోటారు సైకిలు కూడా నిలుస్తాయి. వాహనాన్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, టెంకాయ కొట్టి, చక్రాల కింద ఉంచిన నిమ్మకాయల మీదుగా దాన్ని ముందుకు నడపడంతో ఆ పూజ ముగుస్తుంది. ఈ ఆచారంలో ఒక తాత్త్విక ప్రశ్న ఇమిడి ఉంది. చక్రానికి బొట్టు పెట్టిన మనిషి ఆ చక్రం ఎంత అరిగిందో, వానలో అది రోడ్డును పట్టుకోగలదో లేదో చూడకపోతే, అతడు చేసిన పూజ పూర్తయినట్టేనా? పరీక్ష పూజలో భాగమా, లేక పూజకు వెలుపల ఉండే లౌకిక వ్యవహారమా? ఇది పండుగనాటి ప్రశ్నగా మొదలైనా, కొత్త టైర్లు కొనే రోజున దుకాణం ముందు మరింత గట్టిగా ఎదురవుతుంది. ఎందుకంటే కొనేవాడు అక్కడ ఒకదానితో ఒకటి పొసగని రెండు కోరికలతో నిలబడతాడు. టైరు తడి రోడ్డు మీద జారకూడదు, అదే టైరు ఏళ్ళ తరబడి అరగకూడదు.

ఈ ప్రశ్నకు నందికొట్కూరు నేల ప్రత్యేకమైన పదును ఇస్తుంది. కర్నూలుకు తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణం 2022 వరకు కర్నూలు జిల్లాలోనూ, ఆ తరువాత నంద్యాల జిల్లాలోనూ ఉంది. దీని చుట్టూ కర్నూలు–కడప కాలువ కింద వరి పండే మాగాణి, ఆ వెలుపల శనగ, పత్తి పండే నల్లరేగడి మెట్ట పొలాలు ఉన్నాయి. పట్టణం గుండా పోయే తారు రోడ్డు తూర్పున ఆత్మకూరు మీదుగా నల్లమల అడవిలో ప్రవేశించి, దోర్నాల వద్ద శ్రీశైలం ఘాట్ దారిని కలుస్తుంది. కాబట్టి ఇక్కడి జీపు ఒకే రోజున రేగడి బురదలో పొలం గట్టుదాకా పోయి, సాయంత్రానికి తడిసిన తారు మీద కొండ మలుపులు ఎక్కవలసి రావచ్చు. ఇది వర్షాభావ సీమ కనుక వానకు తగిన టైరు గురించి ఆలోచించే పనే లేదన్న అభిప్రాయం సరైనది కాదు. వానకూ వానకూ మధ్య ఎడం ఎక్కువైనకొద్దీ రోడ్డు మీద నూనె మరకలు, ధూళి, టైర్ల నుంచి రాలిన రబ్బరు పొడి పేరుకుంటాయి. మొదటి జల్లు వాటిని కొట్టుకుపోయేలా చేయదు, వాటితో కలిసి జారుడు పొరగా మారుతుంది. తరచూ వాన కురిసే కోస్తాలో ఆ పొర ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే ఏర్పడుతుంది. సీమలో దాదాపు ప్రతి వానా తొలకరి వాన లాగే ప్రవర్తిస్తుంది.

నీరు చక్రానికి చేసే హాని ఒక్క రకంగా ఉండదన్న సంగతిని వైశేషిక దర్శనం చాలా సూక్ష్మంగా పట్టుకుంది. పదార్థాలనూ వాటి గుణాలనూ వర్గీకరించే ఈ దర్శనాన్ని తర్కానికి పేరుపొందిన న్యాయ దర్శనంతో కలిపి, పిల్లలు కూడా చదువుకోగల చిన్న గ్రంథంగా తీర్చినవాడు ఆంధ్రుడైన అన్నంభట్టు. 17వ శతాబ్దికి చెందిన ఆయన తర్కసంగ్రహం నేటికీ సంస్కృత పాఠశాలల్లో తొలి తర్క పాఠ్యం. ఈ సంప్రదాయం నీటికి రెండు వేర్వేరు గుణాలను చెబుతుంది. మొదటిది ద్రవత్వం, అంటే ఒక వస్తువు పారడం మొదలుపెట్టడానికి కారణమైన గుణం. రెండవది స్నేహం, అంటే పొడిగా ఉన్న పిండి, మన్ను వంటివి ముద్ద కట్టడానికి కారణమైన గుణం. పారించేదీ, ముద్ద కట్టించేదీ ఒకే నీరు అయినా ఆ రెండూ ఒకే గుణం కావని వైశేషికులు పట్టుబట్టారు. తారు రోడ్డు మీద వాహనాన్ని జార్చేది నీటి ద్రవత్వమైతే, రేగడిలో వాహనాన్ని ఆపేది నీటి స్నేహమని చెప్పవచ్చు. టైరును ఎంచుకోవడంలోని చిక్కంతా ఈ భేదంలోనే ఉంది.

రేగడి మన్ను నీటిని పీల్చి ఉబ్బే జాతి బంకమట్టి. ఎండితే నెర్రెలు తీస్తుంది, తడిస్తే చక్రాన్ని చుట్టుకుంటుంది. టైరు నేలను తాకే మందపాటి రబ్బరు పొరను ట్రెడ్ అంటారు, దాని మీద ఎత్తుగా కనిపించే దిమ్మలను పంచరు షాపుల్లో బటన్లు అంటారు. బటన్ల మధ్య సందులు ఇరుకైతే రేగడి అందులో కూరుకుని, టైరు కొద్ది గజాల్లోనే నున్నని మట్టి చక్రంగా మారిపోతుంది. అందుకే ట్రాక్టరు టైరుకు ఏటవాలుగా, దూరదూరంగా ఎత్తయిన గుబ్బలు ఉంటాయి. చక్రం తిరిగేటప్పుడు అవి వంగి, విదిలించి, మన్నును తమంతట తామే వదిలించుకుంటాయి. మడ్ టెర్రైన్ అని అమ్మే జీపు టైర్లు ఈ సూత్రం మీదే తయారవుతాయి. వాటి బటన్లు పెద్దవి, సందులు వెడల్పు, పక్క గోడలు దళసరి.

తారు మీద లెక్క తిరగబడుతుంది. అక్కడ నీరు ముద్ద కట్టదు, రబ్బరుకూ రోడ్డుకూ మధ్య పలుచని పొరగా చేరి రెంటినీ వేరుచేస్తుంది. ఆ పొరను ఛేదించాలంటే రెండు పనులు జరగాలి. ట్రెడ్‌లోని వెడల్పాటి గాళ్ళు ఎక్కువ నీటిని పక్కకు తోలాలి. ఆపైన మిగిలిన సన్నని తడిని, బటన్ల మీద కత్తితో గీసినట్టుండే చీలికల అంచులు తుడవాలి. ఈ చీలికలను సైపులు అంటారు. మడ్ టెర్రైన్ టైరుకు గాళ్ళు ధారాళంగా ఉన్నా సైపులు తక్కువ, రోడ్డును నిజంగా తాకే రబ్బరు విస్తీర్ణమూ తక్కువ. పైగా దాని పొడవాటి బటన్లు బ్రేకు వేసినప్పుడు వంగి మెలికపడతాయి కనుక బటను ముందంచు వెనకంచు ఎగుడుదిగుడుగా అరిగి, రోదకూ దారితీస్తాయి. చూడడానికి రౌద్రంగా కనిపించే టైరు తడి తారు మీద మామూలు హైవే టైరు కంటే బలహీనంగా ఉండవచ్చన్న సంగతిని కొనేవారిలో చాలామంది నమ్మరు. ఆ రూపమే వారిని మోసం చేస్తుంది. ఆల్ టెర్రైన్ అనే మధ్యస్థ రకం ఈ రెంటి నడుమ ఉంటుంది. బటన్లు ఒత్తుగా, సైపులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి తారు మీద నమ్మదగినదే, కాని లోతైన రేగడిలో అది త్వరగా నిండిపోతుంది.

టైరు నీటి మీద పూర్తిగా తేలిపోయే స్థితిని హైడ్రోప్లేనింగ్ అంటారు. అప్పుడు స్టీరింగు, బ్రేకు రెండూ పనిచేయవు. 1960లలో నాసా పరిశోధకులు విమాన చక్రాల మీద పరీక్షలు చేసి, టైరు తేలడం మొదలయ్యే వేగం దానిలోని గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుందని కనుగొన్నారు. ఆ సూత్రాన్ని ఉజ్జాయింపుగా మోటారు వాహనాలకు అన్వయిస్తే, 32 పౌండ్ల గాలి ఉన్న నున్నని టైరు నిలిచిన నీటి మీద గంటకు 94 కిలోమీటర్ల వద్ద తేలుతుంది. అదే గాలి 20 పౌండ్లకు తగ్గితే 75 కిలోమీటర్ల లోపే తేలుతుంది. బురదలో పట్టు కోసం గాలి తగ్గించడం జీపు నడిపేవారికి తెలిసిన ఉపాయమే. పొలం దాటి రోడ్డెక్కిన తరువాత మళ్ళీ గాలి పట్టించకపోతే, స్నేహాన్ని జయించిన ఉపాయమే ద్రవత్వం చేతిలో ప్రాణాంతకమవుతుంది.

ఇంతవరకు చెప్పింది టైరు ఆకారం గురించి. తాత్త్విక దృష్టికి మరింత విలువైన విషయం రబ్బరు స్వభావంలో ఉంది. వైశేషికులు సంస్కారం అనే గుణాన్ని మూడుగా విభజించారు. కదిలే వస్తువును కదులుతూ ఉండనిచ్చేది వేగం. అనుభవాన్ని స్మృతిగా నిలిపేది భావన. వంచిన వస్తువును తిరిగి తన పూర్వరూపానికి తెచ్చేది స్థితిస్థాపకం. మూడవదానికి వారు చాప వంటి పార్థివ వస్తువులను ఉదాహరణగా ఇచ్చారు. వారికి రబ్బరు తెలియదు. తెలిసి ఉంటే దానికంటే మంచి ఉదాహరణ దొరికేది కాదు. వారి మరో విభాగం కూడా ఇక్కడ అక్కరకు వస్తుంది. నీటి ద్రవత్వం సహజం, నెయ్యి, బంగారం వంటివాటి ద్రవత్వం అగ్ని సంబంధం వల్ల కలిగే నైమిత్తికం. పచ్చి రబ్బరు ఈ రెండవ జాతిది, ఎండకు జిగురుగా కరిగేది, చలికి పెళుసుబారేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి వేడిచేసి ఆ దోషాన్ని తొలగించాడు. దాన్నే వల్కనైజేషన్ అంటారు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే సీమ రోడ్ల మీద టైరు టైరుగా నిలవడం ఆ సంస్కారం పుణ్యమే.

స్థితిస్థాపకం పరిపూర్ణంగా ఉన్న రబ్బరు మంచి టైరు అవుతుందని సహజంగా అనిపిస్తుంది. నిజం అందుకు విరుద్ధంగా ఉంది. పొడి రోడ్డు మీద రబ్బరు కంకరను అణువు అణువుగా అంటుకుని పట్టు ఇస్తుంది. తడి ఆ అంటును చాలావరకు తుంచేస్తుంది. అప్పుడు మిగిలే పట్టుకు కారణం వేరు. రోడ్డు కంకర గరుకులు రబ్బరును నొక్కుతాయి, రబ్బరు ఆ గరుకుల మీదుగా లొంగి తిరిగి లేస్తుంది, కాని తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వకుండా కొంత వేడిగా పోగొట్టుకుంటుంది. ఈ నష్టాన్ని శాస్త్రజ్ఞులు హిస్టరెసిస్ అంటారు. బ్రేకు వేసిన బండిని తడిలో ఆపేది చాలావరకు అదే. వెంటనే, పూర్తిగా పూర్వరూపానికి తిరిగివచ్చే రబ్బరు తేలికగా దొర్లుతుంది, ఇంధనం ఆదా చేస్తుంది, కాని తడిలో జారుతుంది. ఆలస్యంగా, అసంపూర్ణంగా తిరిగివచ్చేది పట్టుకుంటుంది. సాధారణంగా మెత్తని రబ్బరులో ఈ గుణం ఎక్కువ, అది త్వరగా అరుగుతుంది కూడా. పట్టు కావాలనుకునేవాడు అరుగుదలను ఖర్చుగా ఒప్పుకోక తప్పదు. ఖర్చు లేకుండా సేవ అడిగేవాడు రబ్బరు స్వభావాన్నే కాదనమంటున్నాడు.

తడిపట్టు, అరుగుదల, దొర్లడంలో శక్తి నష్టం అన్న మూడింటిలో ఒకదాన్ని బాగుచేస్తే మరొకటి చెడుతుందని టైరు తయారీదారులు చాలాకాలం నుంచీ ఎరుగుదురు. 1992లో మిషెలిన్ సంస్థ, నల్లని కార్బన్ పొడికి బదులుగా సిలికాను ప్రధానంగా కలిపిన టైరును మార్కెట్లోకి తెచ్చిన తరువాత ఈ బంధం కొంత సడలింది. సిలికా రబ్బరు నెమ్మదిగా దొర్లేటప్పుడు తక్కువ శక్తిని, తడి కంకర మీద రాసుకునేటప్పుడు ఎక్కువ శక్తిని పోగొడుతుంది. అయినా బంధం తెగిపోలేదు. రాళ్ళలో తిరిగే టైర్లకు, ముఖ్యంగా బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాతి గనుల్లో తిరిగే బండ్లకు, వాడి అంచులు కోయకుండా కార్బన్ ఎక్కువగా ఉన్న గట్టి మిశ్రమమే నేటికీ వాడుకలో ఉంది. ఆ టైరు నుంచి ఘాట్ రోడ్డు తడిపట్టును ఆశించకూడదు. భారత ప్రభుత్వం 2022లో తడిపట్టు, దొర్లుడు నిరోధం, రోద అనే మూడింటికీ ఏఐఎస్ 142 అనే ప్రమాణాన్ని నోటిఫై చేసింది. అది కనీస హద్దును గీస్తుంది గాని ఎవరికి ఏది తగునో చెప్పదు.

తగిన టైరు ఏదో చెప్పాలంటే ట్రెడ్ మన్నిక అనే మాటను విప్పి చూడాలి. దీర్ఘకాలం వచ్చే టైరు ఎప్పుడూ లాభమేనన్న నమ్మకం వెనుక, వస్తువు వాడితేనే నశిస్తుంది, వాడకపోతే అలాగే ఉంటుంది అన్న ఊహ ఉంది. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ ఊహనే ఖండించాడు. నశించే వస్తువు తన స్వభావం చేతనే క్షణక్షణమూ నశిస్తుంది, నాశనానికి బయటి కారణం అక్కరలేదు అన్నది ఆయన వాదం. కర్ర దెబ్బ తగిలితేనే కుండ పగులుతుందని న్యాయ దర్శనం వారైన నైయాయికులు బదులు చెప్పారు. టైరు విషయంలో ఇద్దరికీ చెప్పుకోదగిన సాక్ష్యం ఉంది. రోడ్డు రాపిడికి అరగడం నైయాయికుల పక్షం. షెడ్డులో కదలకుండా ఉన్న టైరు కూడా గట్టిపడి, పక్క గోడల మీద సన్నని పగుళ్ళు తేలడం బౌద్ధుల మాటకు దగ్గరగా కనిపిస్తుంది. అయితే దానికీ గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, వేడి కారణాలుగా ఉన్నాయి కాబట్టి నైయాయికులు ఓడిపోయినట్టు కాదు. వాదం ఎటు తేలినా, కొనేవాడికి అందులో ఒక ఖచ్చితమైన లెక్క ఉంది.

ఏడాదికి ఐదువేల కిలోమీటర్లు మాత్రమే తిరిగే రైతు జీపును తీసుకుంటే, ఆరేళ్ళకు అది ముప్పైవేల కిలోమీటర్లు తిరుగుతుంది. ఐదారేళ్ళు దాటిన టైరును ఏటా పరీక్షించాలనీ, పదేళ్ళు దాటినదాన్ని బటన్ ఎంత మిగిలినా వాడకూడదనీ తయారీదారులు చెబుతారు. అటువంటి జీపుకు ఎనభైవేల కిలోమీటర్లు వచ్చే గట్టి టైరు కొనడం వల్ల ఒరిగేదేమీ లేదు. మిగిలిన యాభైవేల కిలోమీటర్ల ట్రెడ్ అరగకుండానే ముసలిదవుతుంది, ఆ ఆరేళ్ళూ తడిపట్టు మాత్రం తక్కువగా ఉంటుంది. దానికి తడిలో నమ్మదగిన మెత్తని ఆల్ టెర్రైన్ టైరే తగినది. రోజూ నందికొట్కూరు–కర్నూలు మధ్య ప్రయాణికులను చేరవేసే బండికి లెక్క వేరు. దానికి అరుగుదల నిజమైన ఖర్చు, ఏటా దాని ట్రెడ్ రోడ్డు మీదే కరుగుతుంది, కాబట్టి మన్నికా తడిపట్టూ రెండూ ఉన్న మంచి హైవే టైరు చాలు, బటన్ టైరు అక్కరలేదు. టైరు పక్క గోడ మీది తయారీ సంకేతం చివర ఉండే నాలుగంకెలను చదవడం ఈ లెక్కకు మొదటి మెట్టు. మొదటి రెండంకెలు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి; ఆ అంకెలు పాతవైతే అది దుకాణంలోనే సగం జీవితం గడిపిన టైరు. అమెరికా టైర్ల మీద కనిపించే ట్రెడ్‌వేర్ సంఖ్యను నమ్మి పోల్చుకోవచ్చునా అంటే, లోతైన బటన్లున్న తేలికపాటి ట్రక్కు టైర్లకు ఆ విధానం వర్తించదు కాబట్టి ఆఫ్‌రోడ్ రకాలలో చాలావాటి మీద అసలు ఆ సంఖ్యే ఉండదు.

ఇక పూజ దగ్గరకు తిరిగి రావాలి. వైదిక కర్మల అర్థాన్ని విచారించే మీమాంసా దర్శనం, కర్మ ఫలాన్ని దృష్టం, అదృష్టం అని రెండుగా చూస్తుంది. కళ్ళకు కనిపించే ప్రయోజనం దృష్టం. శాస్త్రం వల్ల మాత్రమే తెలిసేది, కాలాంతరంలో ఫలించేది అదృష్టం. ఒక పనికి కనిపించే ప్రయోజనం ఉండగా దానికి కనిపించని ప్రయోజనాన్ని కల్పించకూడదన్నది మీమాంసకుల నియమాలలో ముఖ్యమైనది. వారు తరచూ చర్చించే ఉదాహరణ యాగంలో వడ్లు దంచడం. దంచడానికి దృష్ట ప్రయోజనం పొట్టు ఊడిపోవడం. పొట్టును గోళ్ళతో కూడా ఒలవవచ్చు కదా, శాస్త్రం దంచమనే ఎందుకు చెప్పింది అన్న ప్రశ్నకు, పొట్టు తీయడం అనే దృష్ట కార్యం జరుగుతూనే, దాన్ని ఫలానా విధంగానే చేయాలన్న నియమం వల్ల అదృష్టం పుడుతుందని వారు సమాధానం చెప్పారు. ఇందులో గమనించవలసింది ఒకటుంది. దృష్టం పక్కకు తప్పుకుని అదృష్టానికి చోటివ్వలేదు. దృష్టం నెరవేరితేనే దాని మీద అదృష్టం నిలుస్తుంది. రోకలి ఎత్తి దించి, పొట్టు ఊడకుండానే వదిలేసిన యాజ్ఞికుడికి యాగం సాగదు. ఆనాడు పారవేసిన ఆ పొట్టునే ఇప్పుడు కాల్చి, బూడిదలోంచి సిలికా తీసి టైర్లలో కలుపుతున్నారు. గుడ్‌ఇయర్ సంస్థ ఈ సిలికాను వాడనున్నట్టు 2014లో ప్రకటించింది.

మీమాంసకుల ఈ కొలతతో ఆయుధపూజను చూస్తే, వాహనాన్ని కడగడం పూజకు ముందు చేసే శుభ్రత మాత్రమే కాదని తేలుతుంది. చక్రాన్ని చేత్తో రుద్ది కడిగినప్పుడే బటన్ల మధ్య ఇరుక్కున్న రాయి, పక్క గోడ మీది పగులు, ఒక అంచునే అరిగిన ట్రెడ్ కంటికి కనిపిస్తాయి. కడగడానికి దృష్ట ప్రయోజనం అదే. ఒత్తిడి గల పైపుతో నీళ్ళు కొట్టి, చూడకుండా బొట్టు పెట్టడం, దంచని వడ్లతో యాగం చేయడంతో సమానం. నిమ్మకాయ దిష్టి తీస్తుందో లేదో అన్న చర్చలోకి పోకుండానే, దిష్టి తీయవలసిన వస్తువు ముందు సవ్యంగా ఉండాలని మీమాంసకుడు అడుగుతాడు. దైవం, పురుష ప్రయత్నం అనే రెంటి సంబంధాన్ని చర్చించిన యాజ్ఞవల్క్య స్మృతి కూడా పోలికను రథ చక్రాల నుంచే తెచ్చుకుంది. దైవం ఒక్కటే నడిపించలేదని చెప్పడానికి ఆ స్మృతికారుడికి ఒంటి చక్రపు బండి కంటే తగినది కనిపించలేదు.

పూజ, పరీక్ష రెండూ చేసినా ఇంకొక ప్రశ్న మిగులుతుంది. ఎప్పుడు టైరు మార్చాలన్నది యజమాని సొంత నిర్ణయమా? కేంద్ర మోటారు వాహనాల నియమావళి కార్లు, జీపుల వంటి వాహనాల టైర్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్ లోతు ఉండాలని, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లు చాలని చెబుతుంది. గాళ్ళ అడుగున చిన్న దిమ్మలుగా ఉండే అరుగుదల గుర్తులు ట్రెడ్ పైమట్టానికి సమానమైతే ఆ హద్దు వచ్చినట్టు. కాని తడిలో ఆగే శక్తి ఆ హద్దుకు చాలా ముందే తగ్గిపోతుంది. అందుకే మూడు మిల్లీమీటర్ల వద్దే మార్చాలని నిపుణులు చాలామంది సలహా ఇస్తారు. చట్టానికీ ఈ సలహాకూ మధ్య ఉన్న 1.4 మిల్లీమీటర్ల రబ్బరులో యజమానికి కొన్ని వేల కిలోమీటర్ల పొదుపు ఉంది. ఆ పొదుపు అతడిది. దానివల్ల కలిగే ప్రమాదం మాత్రం అతడొక్కడిది కాదు.

ఈ విషయంలో జైనుల ఆలోచన అందరికంటే నిశితమైనది. కడప జిల్లాలో పెన్నా ఒడ్డున దానవులపాడులో బయటపడిన జైనాలయాలు, ఆ మతం ఒకప్పుడు సీమలో వేళ్ళూనుకున్నదని చెబుతాయి. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం సాధువుకు విధించిన ఐదు సమితుల్లో, అంటే జాగ్రత్తల్లో, మొదటిది ఈర్యాసమితి. నడిచేవాడు ఒక కాడి పొడవు మేర ముందు నేలను చూస్తూ, అక్కడ ఉన్న ప్రాణికి హాని కలగకుండా అడుగు వేయాలన్నది దాని అర్థం. కదిలేవాడు తాను నిలబడిన చోటుకు మాత్రమే కాక, తాను ఆగలేకపోయే చోటంతటికీ బాధ్యుడన్నది ఇందులోని సారం. కాలినడకకు అది కాడి పొడవు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు పదహారు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ఘర్షణ గుణకం 0.7 ఉండే పొడి రోడ్డు మీద బ్రేకు పట్టిన తరువాత అది ఇరవై మీటర్లలో ఆగుతుంది, తడిలో ఆ గుణకం 0.4కు పడితే ముప్పై ఐదు మీటర్లు కావాలి, నడిపేవాడు తేరుకునే క్షణంలో దొర్లిన దూరం అదనం. ట్రెడ్ అరిగినకొద్దీ గుణకం ఇంకా పడిపోతుంది. ఈర్యాసమితి లెక్కలో ఆ దూరమంతా నడిపేవాడి కాడి పొడవే.

ఆ దూరంలో ఎవరుంటారో నందికొట్కూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి, శివరాత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి వేలాది మంది భక్తులు శ్రీశైల మల్లన్న దర్శనానికి ఈ దారుల వెంట కాలినడకన పోతారు. తలమీద మూటలతో, చంటిబిడ్డలతో, తరచూ చీకటి వేళ రోడ్డు అంచున నడుస్తారు. కార్తీకంలో శ్రీశైలం రద్దీ పెరిగే నాటికి ఈశాన్య రుతుపవనం జల్లులు నల్లమల మలుపులను తడిపి ఉంచుతాయి. టైరు ఖరీదులో మిగుల్చుకున్న సొమ్ము బండి యజమాని జేబులో ఉంటే, దాని ముందు ఎడమ అంచున నడిచే మనిషికి ఆ లావాదేవీలో ఏ భాగమూ లేదు. అతడు ఆ ప్రమాదానికి సమ్మతించలేదు, అది ఉందని కూడా అతడికి తెలియదు. తడిపట్టుకూ మన్నికకూ మధ్య ఎంపిక కేవలం వివేకానికి సంబంధించిన విషయం కాక ధర్మానికి సంబంధించిన విషయం అవుతున్నది ఇక్కడే. తన ప్రాణాన్ని తూకంలో పెట్టుకునే హక్కు మనిషికి ఉందనుకున్నా, దారిన పోయే యాత్రికుడి ప్రాణాన్ని పెట్టే హక్కు లేదు. ఇక్కడ ప్రస్తావించిన దర్శనాలలో ఏ ఒక్కటీ దీనికి భిన్నంగా చెప్పదు.

తీసివేసిన టైరు విషయం కూడా ఇదే విచారణలోకి వస్తుంది. రెండున్నర మిల్లీమీటర్లు మిగిలిన టైర్లను పారవేయడానికి మనసొప్పక యజమాని పాత టైర్ల వ్యాపారికి అమ్మితే, అవి మరో పేద డ్రైవరు బండికి ఎక్కి అదే తడి రోడ్డు మీదికి వస్తాయి. ప్రమాదం తప్పలేదు, యజమాని మారాడు, అంతే. అవే టైర్లు ఎద్దులు లాగే టైరు బండికి వేస్తే సంగతి వేరు. మనిషి నడక వేగంతో పోయే చక్రం నీటి మీద తేలదు, దాని ఆగే దూరం దాదాపు పాత కాడి పొడవే. కాబట్టి పాత టైరు ఎవరి చేతికి పోతుందన్నది చిల్లర బేరంగా కాక, కొత్త టైరు ఎంపికలో చివరి భాగంగా చూడాలి; ట్రాక్టరు ట్రాలీకి అమ్మేటప్పుడు ఆ ట్రాలీ చెరకు బరువుతో కర్నూలు రోడ్డు ఎక్కుతుందా, పొలం గట్టు దాటకుండా ఉంటుందా అని అడిగి తెలుసుకున్నాకే బేరం తెంపాలి.